మిన్ = 0 పెట్టి కంపైలర్ నోరు మూయించిన కథ

జావా అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టిన కొత్తలో కంపైలర్ (మనం రాసిన కోడ్‌ని సరిచూసి, నడిచే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) ఇచ్చిన ఒక ఎర్రర్ నన్ను సాయంత్రమంతా కూర్చోబెట్టింది: 'వేరియబుల్ మిన్ మైట్ నాట్ హావ్ బీన్ ఇనిషియలైజ్డ్', అంటే మిన్‌కి మొదటి విలువ ఇచ్చి ఉండకపోవచ్చు అని. అర్రేలో, అంటే వరుసగా పెట్టిన సంఖ్యల్లో, అన్నిటికంటే చిన్న సంఖ్య కనుక్కోవాలి. పైన 'ఇంట్ మిన్;' అని రాశాను, ఫర్ లూప్‌లో ఒక్కో సంఖ్యనీ మిన్‌తో పోల్చి, చిన్నదైతే అందులో వేస్తున్నాను. విలువ ఇస్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలి దీనికి? పైగా అదే క్లాసులో కౌంట్ అనే ఫీల్డ్‌కి (మెథడ్‌ల బయట, నేరుగా క్లాసులో రాసే వేరియబుల్) నేనేమీ ఇవ్వకపోయినా దాన్ని పల్లెత్తు మాట అనలేదు.

విసుగొచ్చి మిన్ = 0 పెట్టేశాను. ఎర్రర్ పోయింది. 7, 3, 9 ఇస్తే జవాబు 0. ఇంకేవో సంఖ్యలు ఇచ్చినా 0! సున్నా కంటే చిన్నది ఏదీ లేకపోతే ఇఫ్ లోపలికి అసలు వెళ్లదు మరి.

అప్పుడు ఎర్రర్ చూపించిన లైన్‌ని మొదటిసారి సరిగ్గా చూశాను. అది 'ఇంట్ మిన్;' అన్న డిక్లరేషన్ లైన్ కాదు, పోల్చే ఇఫ్ లైన్. మొదటి రౌండ్‌లో పోల్చడానికి మిన్‌లో ఏముంది? ఏమీ లేదు. మిన్‌లో అర్రే మొదటి సంఖ్య వేసి లూప్ 1 నుంచి (లెక్క 0తో మొదలవుతుంది కాబట్టి రెండో సంఖ్య నుంచి) తిప్పితే సరిపోయింది (అర్రే ఖాళీగా ఉంటే ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి, అది ఇంకో రోజు తగిలింది). ఫీల్డ్‌లకీ అర్రే గడులకీ జావానే 0, ఫాల్స్, నల్ లాంటివి పెట్టేస్తుంది, మెథడ్ లోపలి లోకల్ వేరియబుల్స్‌కి మాత్రం పెట్టదు.

ఇంకోసారి ఎక్స్ >= 0 అయితే ఒక విలువ, ఎల్స్ ఇఫ్ ఎక్స్ < 0 అయితే ఇంకోటి ఇచ్చినా అదే గోల. రెండూ కలిపితే అన్ని సంఖ్యలూ వచ్చేశాయని మనకి తెలుసు, కంపైలర్ ఆ లెక్క చేయదు, రెండు కండిషన్లూ తప్పితే ఏంటి అనే దారి దానికి తెరిచే ఉంటుంది. రెండోదాన్ని ఉత్త ఎల్స్ చేస్తే ఊరుకుంది.

ఇంత చాదస్తం ఎందుకో సీ భాషలో కోడ్ రాసినప్పుడు అర్థమైంది. ఇలాంటి కోడ్‌నే జీసీసీ అనే సీ కంపైలర్ కిక్కురుమనకుండా కంపైల్ చేసింది, రన్ చేస్తే ఒకసారి 0, ఇంకోసారి ఎక్కడిదో చెత్త సంఖ్య. '-వాల్' (-Wall, వార్నింగ్‌లు చూపించమనే ఆప్షన్) పెట్టాక గానీ వార్నింగ్ రాలేదు.

ఇప్పుడు జావాలో ఊరికే 0 పెట్టడం మానేశాను, కావాలనే ఖాళీగా వదులుతాను, ఏ కొమ్మలోనైనా విలువ ఇవ్వడం మర్చిపోతే అదే అరుస్తుంది. మొన్న స్విచ్‌లో డిఫాల్ట్ (ఏ కేసూ సరిపోనప్పుడు నడిచే కొమ్మ) రాయడం మర్చిపోతే అలాగే పట్టుకుంది.