వ్యెజెనీత్సా: ఆచరణే తత్వమన్న మనిషి ఊరు

పోలండ్‌లోని పోజ్నాన్ పెద్ద స్టేషన్‌లో గ్నియెజ్నో వైపు వెళ్లే ప్యాసింజరే ఎక్కాలి. ఎక్స్‌ప్రెస్‌లు కొబిల్నీత్సాలో ఆగవు. అక్కడ దిగితే వ్యెజెనీత్సాకు గంటలోపు నడక. స్టేషన్‌లో కాఫీకి, రొట్టెకు వదిలిన డబ్బు రానూపోనూ టికెట్టును మించిపోయింది.

మనవాళ్లకు హెగెల్ తెలుసు, మార్క్స్ తెలుసు. ఆ ఇద్దరి మధ్య నిలబడ్డ పోలిష్ తత్వవేత్త, ఈ ఊరివాడు ఆగస్ట్ చెష్కోఫ్‌స్కీ (1814–1894) పేరు మాత్రం ఎక్కడా వినబడదు. నన్ను ఇంతదూరం లాక్కొచ్చింది ఆ వెలితే.

1838లో, 24 ఏళ్లకే, బెర్లిన్‌లో జర్మన్‌లో ఓ చిన్న పుస్తకం వేశాడాయన. హెగెల్ చరిత్రను ప్రాచ్య, గ్రీకు, రోమన్, జర్మన్ లోకాలుగా నాలుగు చేసి, తన కాలం దగ్గర ఆపేశాడు. హెగెల్ సొంత పద్ధతే వాదం, ప్రతివాదం, సమన్వయం అని మూడు అడుగుల్లో నడుస్తుంటే చరిత్ర నాలుగెలా అయిందని చెష్కోఫ్‌స్కీ నిలదీశాడు. క్రీస్తుకు ముందు అనుభూతి యుగం, తర్వాత ఆలోచన యుగం, రాబోయేది ఆచరణ యుగం. ఫ్రెంచి జీవశాస్త్రవేత్త కువియే ఒక్క పన్ను చూసి అంతరించిన జంతువు రూపమంతా చెప్పగలిగినప్పుడు, గడిచిన చరిత్రను బట్టి రాబోయేదాని రూపం చెప్పలేమా అన్నది ఆయన వాదం. వివరాలు కాదు, రూపం మాత్రమే. ఈ హద్దు పట్టించుకోకుండా చదివితే ఆయన జోస్యం చెప్పేవాడిలా కనిపిస్తాడు.

మరుసటి ఏడే ఫ్రెంచిలో అప్పు, డబ్బు చలామణీల మీద రాశాడు: భూమి తనఖాగా, వడ్డీ వచ్చే నోట్లు వేయాలని. 1840ల్లో ఈ ఊళ్లో స్థిరపడ్డాడు. కవి క్రషీన్‌స్కీ ఇక్కడికే వచ్చి గడిపేవాడు. 1848లో యేసు నేర్పిన పరలోక ప్రార్థన మీద పెద్ద గ్రంథం మొదటి సంపుటి పేరు లేకుండా పారిస్‌లో వచ్చింది. ‘నీ రాజ్యము వచ్చుగాక’ అన్నది ఆయనకు భూమ్మీద నెరవేరాల్సిన పని. మిగతాది ఆయన పోయాకే అచ్చయింది.

సమాధి 16వ శతాబ్దపు సెయింట్ నికొలస్ చెక్క చర్చిలో, నేల కింద ఉంది. గోడల నిండా ముదురు చెక్క. ఊరి దగ్గరి అడవి చుట్టూ ఉన్న ఇలాంటి చెక్క చర్చిలకు పూజ వేళ చూసుకునే బయల్దేరాలి, లేకపోతే బయటి నుంచే తిరిగిరావాలి.

భార్య హలీనా పేరిట 1870లో ఆయన పెట్టిన వ్యవసాయ కళాశాల ఊరు జాబికోవో పోజ్నాన్‌కు దక్షిణాన, లూబోన్‌లో ఉంది. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలుతున్న ప్రష్యా ప్రభుత్వ ఒత్తిడితో అది కొన్నేళ్లకే మూతపడింది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రైళ్ల కోసం కాచుకోవడంతోనే సరిపోతుంది. ఒక్కటే వీలైతే వ్యెజెనీత్సాకే వెళ్లండి.