పదిహేను రోజుల సెలవు కోసం రెండు నెలలు

మా పాప 2024 జనవరిలో పుట్టింది. నా 180 రోజుల ప్రసూతి సెలవు జూలైలో అయిపోయింది. నేను హైదరాబాద్‌లోని ఒక పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుల్‌ని. జూలై అంటే ఇక్కడ ఆషాఢ బోనాలు. గోల్కొండలో మొదలై లష్కర్ (సికింద్రాబాద్), లాల్‌దర్వాజా దాకా వరుసగా ఆదివారాలు. రిపోర్ట్ చేసిన వారానికే బందోబస్తు పడింది.

తెల్లవారుజామున పాపకు పాలిచ్చి ఉప్పల్‌లో బయలుదేరితే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటేది. మధ్యాహ్నానికల్లా రొమ్ములు రాయిలా గట్టిపడి చొక్కా తడిసిపోయేది. ఒక ఆదివారం మేం కాపలా ఉన్న చోటు పక్కనున్న ఫంక్షన్ హాల్‌లో బాత్రూం అడిగి వెళ్లాను. తలుపుకు గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో పాలు పిండి పారబోశాను. అదే సమయానికి అత్తమ్మ ఫోన్. పాప డబ్బా పాలు ఉమ్మేస్తోందట. యూనిఫాం వేసుకున్నాక నేను ఏడ్చింది అదే మొదటిసారి.

మర్నాడు స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్‌ను చైల్డ్ కేర్ లీవ్, అంటే పిల్లల్ని చూసుకోవడానికి ఇచ్చే సెలవు గురించి అడిగాను. "అది టీచర్లకు, ఆఫీసులోళ్లకు అమ్మా. మన డిపార్ట్‌మెంట్‌కు లేదు. ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) ఉంటే పెట్టుకో, అదీ నిమజ్జనం అయినంకనే" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ స్టేషన్‌లో అంతకుముందు ఎవరూ ఆ సెలవు పెట్టలేదు, అంతే. నేనూ నమ్మేశాను.

ఆ రాత్రి పాప పడుకున్నాక మా ట్రైనింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఊరికే రాశాను, ఎవరైనా ఈ సెలవు తీసుకున్నారా అని. పది నిమిషాల్లో ఇద్దరు తీసుకున్నామన్నారు. ఒకామె జీవో కాపీ పంపింది. 2016లో వచ్చిన ఉత్తర్వు అది. రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 90 రోజులు, పిల్లలకు 18 ఏళ్లు వచ్చేలోపు, ఒక్కో విడత 15 రోజులు మించకుండా వాడుకోవాలి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకైతే 730 రోజులు. మనకిచ్చిందే తక్కువ, అది కూడా ఉందని తెలియకపోతే ఎలా? ఆ కాగితం మూడుసార్లు చదివాను. పోలీసులకు వర్తించదని అందులో ఎక్కడా లేదు.

మరుసటి రోజు మా స్టేషన్‌లోని హెడ్ కానిస్టేబుల్ అక్కకు చూపించాను. ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు స్టేషన్‌లో ఆడవాళ్లకు వేరే బాత్రూం కూడా లేదు. "నోటితో అడిగితే నోటితోనే లేదంటారు. కాగితం మీద అడుగు" అంది. దరఖాస్తు ఎలా రాయాలో కూర్చోబెట్టి చెప్పింది. పేరు, నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఇదివరకు వాడుకున్న రోజులు నిల్, పాప జనన ధ్రువీకరణ పత్రం జిరాక్స్, జీవో కాపీ. తపాల్‌లో ఇచ్చాక, అందినట్టు ఇన్‌వార్డ్ నంబరు రాయించుకోకుండా కదలొద్దని మరీ మరీ చెప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోలీసులకు మిగతా ఉద్యోగుల్లా యూనియన్ పెట్టుకునే స్వేచ్ఛ లేదు. 1966 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటి సంఘాల్లో చేరకూడదు. ధర్నా మాటే లేదు. అందుకే మాకు ఇలాంటి గ్రూపులు, ఇలాంటి అక్కలు చాలా అవసరం. 2014 అక్టోబర్ నుంచి నగరంలో ఆడపిల్లల కోసం షీ టీమ్స్ ఉన్నాయి. ఆ పనిచేసే ఆడవాళ్లకు కష్టం వస్తే చెప్పుకునే చోటు కూడా ఉండాలి కదా.

నా దరఖాస్తు నాలుగు రోజుల్లో వెనక్కి వచ్చింది. సిబ్బంది కొరత, పండుగల బందోబస్తు ఉంది అని రాశారు. కొరత నిజమే, అది నేనూ చూస్తున్నాను. అక్క ఆ సాయంత్రం మా ఆరుగురు ఆడవాళ్లను రికార్డు గది దగ్గర కూర్చోబెట్టింది. రిసెప్షన్, సెంట్రీ, కోర్టు డ్యూటీ, నైట్ పెట్రోలింగ్, నేను లేని పదిహేను రోజుల్లో ఏది ఎవరు చేస్తారో తేదీలవారీగా రాశాం. తిరిగొచ్చాక వాళ్ల నైట్ డ్యూటీలు కొన్ని నేను చేయాలి. అందులో ఒకమ్మాయికి ఇంకా పెళ్లే కాలేదు. "నాకు కూడా పడతది కదక్కా" అంటూ మొదట సంతకం పెట్టింది తనే.

ఆ కాగితం జత చేసి, నిమజ్జనం తర్వాతి తేదీలు వేసి మళ్లీ ఇచ్చాను. ఈసారి అక్క నాతోపాటు ఇన్‌స్పెక్టర్ సార్ గదిలోకి వచ్చింది. నాకు టెన్షన్‌తో గొంతు పెగల్లేదు. ఆమే మాట్లాడింది. సార్ డ్యూటీల కాగితం రెండువైపులా చూసి, సిఫారసు చేసి పైకి పంపారు. అదే ఊపులో అక్క, పాలు పిండుకోవడానికి, బట్టలు మార్చుకోవడానికి రికార్డు గదిలో ఒక మూల మాకు ఇప్పించమని కూడా అడిగేసింది. పాత బీరువాలు జరిపి, చెక్కతో అడ్డుగోడ కట్టించి, ఆరుగురం తలా కొంత వేసుకుని కర్టెన్, కుర్చీ కొన్నాం. తలుపుకు లోపలి గడియ నేనే దగ్గరుండి బిగించుకున్నాను.

సెప్టెంబర్ 17న నిమజ్జనం. ఆ రాత్రంతా ట్యాంక్‌బండ్ మీదే ఉన్నాను. 23 నుంచి అక్టోబర్ 7 దాకా సెలవు మంజూరైంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు పాపను ఒళ్లో పెట్టుకుని పూలు పేర్చాను. ఆ పదిహేను రోజుల్లో పాపకు అన్నం, పప్పుకట్టు అలవాటైంది. అత్తమ్మకూ కాస్త ఊపిరి ఆడింది. అక్టోబర్ 8న డ్యూటీలో చేరాను. ఆ నెలంతా నైట్లు చేసి బాకీ తీర్చాను.

డిసెంబర్‌లో గోషామహల్ మైదానంలో ట్రాన్స్‌జెండర్లకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పెట్టి ట్రాఫిక్ అసిస్టెంట్లుగా ఎంపిక చేశారు. 39 మంది విధుల్లో చేరారు. వాళ్లలో ఒకామె మా స్టేషన్ దగ్గరి కూడలిలో పనిచేస్తోంది. ఒకరోజు నీళ్ల సీసా పట్టుకుని వచ్చి, బట్టలు మార్చుకోవడానికి చోటు ఉందా అని గుమ్మం దగ్గరే ఆగి అడిగింది. లోపలికి తీసుకెళ్లి మా గది చూపించాను. గడియ కాస్త బిగుతుగా ఉంటుంది, పైకి లేపి వేయాలని చెప్పాను.