నాటిన మొక్కల్లో బతికినవెన్ని? – నా అనుభవం

మా కాలనీ మొక్కల లెక్క నిన్న సాయంత్రం పూర్తయింది. పద్నాలుగు నెలలు పట్టింది. అందులో చెట్టు పక్కన టేపు పట్టుకుని నిలబడ్డది నాలుగు ఆదివారాలే. మిగతా కాలమంతా ఆ మొక్కలు నాటించిన ఆఫీసు మెట్లెక్కి దిగడానికే సరిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన మర్నాడు తలుపు తీస్తే వీధిలో పచ్చన అన్నది కనబడలేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలి అది. కూలినవి కూలాయి, నిలబడ్డ చెట్లకూ ఆకు మిగల్లేదు. పచ్చగా ఉండే కొండలు మాడిపోయినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ఆ తర్వాత ఊరంతా మొక్కలు నాటారు. ఏటా నాటుతూనే ఉన్నారు. ఇన్ని నాటాం, ఇంత కార్బన్ తగ్గుతుంది అని చెబుతూనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పినదాన్ని, నాటిన మొక్కకూ బతికిన చెట్టుకూ ఎంత దూరమో నాకు తెలుసు. రిటైరయ్యాక, మా ఆరు వీధుల్లో అసలు ఎన్ని బతికాయో తేల్చాలనుకున్నాను.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం తేలికే. తెల్లకాగితం, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, రిజిస్టర్డ్ పోస్టు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, నాకు నలభై దాటాక ఒక్క వాక్యం వచ్చింది: "నాటిన మొక్కలు సంతృప్తికరంగా ఉన్నవి." మొదటి అప్పీలు వేశాను. వచ్చి రికార్డు చూసుకోవచ్చని ఉత్తరం వచ్చింది.

ఆ రోజు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పదిన్నరకు వెళ్ళాను. ఉత్తరం చూపిస్తే, సీట్లో ఉన్నాయన చదవకుండానే పక్కన పెట్టి "కూర్చోండమ్మా" అన్నాడు. కుర్చీల్లో కాంట్రాక్టర్లు ఉన్నారు. నాకు మంచినీళ్ళ క్యాను పక్కన స్టూలు చూపించాడు. గదిలోకి వచ్చిన ప్రతివాడూ నీళ్ళకోసం నా భుజం మీదుగా చెయ్యి చాపేవాడు. పన్నెండయింది, ఒంటిగంటయింది. భోజనాలకు లేచేటప్పుడు ఆయనే నా ముందు ఆగి అందరికీ వినబడేలా అడిగాడు: "ఈ వయసులో మొక్కలు లెక్కపెట్టే పనేంటమ్మా మీకు? ఎవరు పంపించారు? ఏ పార్టీ?" గదంతా నవ్వింది. ఒక కాంట్రాక్టరు ఇంకా దయగా, "మేడం, మీ ఇంటి ముందు రెండు మొక్కలు వేయించేస్తాం, ఇక వదిలేయండి" అన్నాడు.

నా చేతులు వణికాయి. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎందరో ఇలాంటి సీట్లలోనే ఉన్నారు, ఒక్కరూ నాతో ఇలా మాట్లాడి ఎరగరు. ఇంటికి వెళ్ళిపోదామనిపించింది. కానీ బ్యాగులో చట్టం పుస్తకం ఉంది. సెక్షన్ 6(2) తీసి నిలబడే చదివాను. సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కర్లేదు అని అందులో స్పష్టంగా ఉంది. పన్ను కట్టేది మనం, ఆ డబ్బుతో నాటిన మొక్క ఏమైందని అడిగితే సంజాయిషీ కూడా మనమే చెప్పాలా? నేను నేరమేమీ చేయలేదు. అడిగినవాళ్ళని అవమానించి పంపేస్తే రెండోసారి రారన్న ధీమా అది. దయచేసి రెండోసారి వెళ్ళండి.

మూడున్నరకు ఎం బుక్, అంటే చేసిన పనుల కొలతలు రాసే పుస్తకం, బల్ల మీదకు వచ్చింది. ప్రతి గుంత పొడవు, వెడల్పు, లోతు, ఎర్రమట్టి, పశువుల ఎరువు, ట్రీగార్డు, వెదురు కర్ర, అన్నిటికీ కొలతలున్నాయి, సంతకాలున్నాయి. మా ఆరు వీధులకు 386 మొక్కలు. పేజీలన్నీ తిప్పాను. మొక్క మర్నాటి వేసవి దాటిందా లేదా అన్న గడి ఎక్కడా లేదు. దాచిపెట్టారనుకుని వెళ్ళాను, అక్కడ దాచడానికే ఏమీ లేదు. లెక్క నాటిన రోజుతో ముగిసిపోయింది. కార్బన్ తగ్గిందని చెప్పే అంకెలు ఆ 386 మీద కడితే, అవి గుంతల లెక్కే అవుతాయి కానీ చెట్ల లెక్క కావు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. "నకళ్ళు ఇవ్వండి" అని మాత్రమే అడక్కండి, రికార్డు తనిఖీ కూడా కావాలని రాయండి. మొదటి గంటకు ఫీజు లేదు. ఒంటరిగా వెళ్ళొద్దు. నేను చేసిన తప్పు అదే.

లెక్కపెట్టడం ఆనందంగా గడిచింది. మా ఎదురింటి ఇంటర్ పిల్లలు ఇద్దరు తోడొచ్చారు. నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత తీయాలి, చెట్టు ఎత్తు అంచనా వేయాలి, ఆ జాతి కలప సాంద్రత చూసుకోవాలి. టీ బండి పక్కనున్న కానుగ చుట్టుకొలత 62 సెంటీమీటర్లు, ఎత్తు తొమ్మిది మీటర్లు. ఎండు బరువు సుమారు 120 కిలోలు వస్తుంది. అందులో దాదాపు సగం కార్బన్. దాన్ని 3.67తో హెచ్చవేస్తే సుమారు 220 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వెలువడుతుంది కాబట్టి, ఇన్నేళ్ళలో ఆ చెట్టు దాచింది 95 లీటర్ల పెట్రోలు పొగ. ఆ చెట్టు అంత పెరగడానికి కారణం టీ బండాయన. గ్లాసులు కడిగిన నీళ్ళు రోజూ దాని మొదట్లోనే పోస్తాడు. "నీడ లేకపోతే బేరం లేదమ్మా" అన్నాడు.

386లో బతికున్నవి 141. కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళిన రెండు వీధుల్లో చెట్లు గొడుగుల్లా ఉన్నాయి. పైన తీగలున్నచోట కరెంటువాళ్ళు ఏటా కొట్టేయడంతో మోడులయ్యాయి. తీగలు భూమిలో వేయడమన్నది మొక్కల పద్దులో ఎక్కడా లేదు, ఆ పనే చెట్లకు ఎక్కువ మేలు చేసింది.

ఇంకో సంగతి మనసుకు కష్టమనిపించింది. బతికినవాటిలో సగానికి పైగా ఏడాకుల పాల. పాలు కారే ఆకు కావడంతో పశువులు ముట్టవు, త్వరగా పెరుగుతుంది. కానీ అక్టోబరు, నవంబరుల్లో పూస్తే ఆ ఘాటు వాసనకు మా వీధి చివర ఆస్తమా ఉన్నావిడ కిటికీలు మూసుకుని కూర్చుంటుంది. కార్బన్ లెక్కలో ఆ చెట్లు ముందున్నాయి. ఆవిడ ఇబ్బంది రాయడానికి మేమూ మొదట గడి పెట్టుకోలేదు. రెండో ఆదివారం రిజిస్టరులో గీత కొట్టి "ఇరుగుపొరుగు మాట" అని ఒక గడి చేర్చాం. ఉన్నవి కొట్టేయమని నేను అనను. చచ్చినవాటి చోట మాత్రం వేప, కానుగ, నేరేడు వేయమని రాశాను.

ఈ ఉదయం వీధివారీ లెక్క అదే ఆఫీసులో ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాను. ఈసారి పిల్లలిద్దరూ, టీ బండాయనా వెంట వచ్చారు. కుర్చీ వేశారు. తొమ్మిది చెట్లకు ట్రీగార్డు ఊచలు బెరడులోకి దిగిపోయి, చుట్టూ కాండం ఉబ్బి ఉంది. ఆ ఊచలు కోయడానికి అనుమతి అడిగితే నోటిమాటగా సరే అన్నారు, కాగితం మీద ఇమ్మన్నాను, ఇచ్చారు. వెల్డింగ్ షాపు అబ్బాయి ఆదివారం పొద్దున్నే కట్టర్ పట్టుకుని వస్తానన్నాడు.