నువ్వేం రాశావో ముందు అది పంపు

రాత్రి ఏడు దాటితే నా ఫోన్‌కి నోటుబుక్కు ఫోటోలు రావడం మొదలవుతుంది. కింద ఒకటే ముక్క: "మాస్టారూ, ఆన్సర్." నేను రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పుడు అడిగేవాళ్లు నా పాత పిల్లల తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్ల స్నేహితులు.

నేను ఆన్సర్ పంపను. "నువ్వేం రాశావో ముందు అది పంపు" అంటాను. పొద్దున్నే చూపించాలన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకి కోపమొస్తుంది. రానీ.

మొన్న ఏడో తరగతి పాప "తల్లిదండ్రులు" అన్న మాటని "తల్లి + దండ్రులు" అని విడదీసింది. "దండ్రి అనే మాట ఎప్పుడైనా విన్నావా అమ్మా?" అన్నాను. కాసేపాగి "తండ్రి!" అని పంపింది. మరి 'త' వెళ్లి 'ద' ఎందుకైంది? అలాంటివే ఇంకొన్ని పట్టుకురమ్మన్నాను. అరగంటలో అన్నదమ్ములు, కూరగాయలు తెచ్చింది. కాలుసేతులు, ఊరువల్లెలు నేను కలిపాను. క, చ, ట, త, ప ల చోట గ, స, డ, ద, వ లు వస్తున్నాయని తనే కనిపెట్టింది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో చెప్పిన సూత్రమిదే, దీని పేరు గసడదవాదేశ సంధి అని అప్పుడు చెప్పాను. పేరు చివర్న చెబితేనే నిలుస్తుంది. వెంటనే ఇంకో ప్రశ్న: "మరి అక్కచెల్లెళ్లు ఎందుకు మారలేదు?" ఎంత సంతోషమేసిందో! సూత్రం ప్రకారం అది అక్కసెల్లెండ్రు కావాలి, మన వాడుకలో మాత్రం 'చ' అలాగే నిలిచిపోయింది అన్నాను.

పద్యాలకి అందరూ తాత్పర్యమే అడుగుతారు. గజేంద్రమోక్షం చదివిన ఒక కుర్రాడు మాత్రం, "అంత భక్తి ఉన్న ఏనుగు దేవుడున్నాడో లేడో అంటుందేంటి మాస్టారూ?" అన్నాడు. మొసలి పట్టు వదలక, ఒంట్లో బలం అయిపోతున్నవాడి మాట అది, ఆ అనుమానాన్ని దాచకపోవడమే పోతన గొప్పతనం అని చెప్పాను. పరీక్షలో దీనికి మార్కులుండవు. అయినా ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం.

చరిత్రలో ఒకసారి నేనే తప్పు చెప్పాను. 1857 తిరుగుబాటుకి కారణాలు రాస్తున్న అబ్బాయికి, గవర్నర్ జనరల్ డల్హౌసీ రాజ్యసంక్రమణ సిద్ధాంతం (సొంత కొడుకు లేకుండా రాజు పోతే రాజ్యం ఈస్టిండియా కంపెనీదే అన్న నియమం) కింద సతారా, ఝాన్సీ, అవధ్ కలిపేసుకున్నాడని తొందరలో చెప్పేశాను. పడుకున్నాక అవధ్ దగ్గర మనసు ఆగింది. లేచి పుస్తకం తీశాను. సతారా 1848లో, ఝాన్సీ 1854లో పోయింది దత్తపుత్రుడికి వారసత్వం ఒప్పుకోకపోవడం వల్ల. 1856లో అవధ్‌ని తీసుకున్నది పాలన బాగాలేదన్న సాకుతో. నవాబు వాజిద్ అలీ షాకి కొడుకులున్నారు.

తెల్లారకముందే ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టాను: నేను చెప్పింది తప్పు, అవధ్ కొట్టేసి విడిగా రాయి.

బడికి వెళ్లేముందు జవాబొచ్చింది. "కొడుకులున్నా తీసుకున్నారంటే, వారసుడు లేకపోవడం కూడా సాకేనా మాస్టారూ?"

ఆ వాక్యాన్నే కారణాల్లో మొదట రాయమన్నాను.