ఫారంలో ఆ ఒక్క ప్రశ్న

బయాప్సీ రిపోర్టు వచ్చాక కీమో మొదలవడానికి మూడు వారాలు టైమిచ్చారు. ఆ మూడు వారాల్లో స్కాన్లు, రక్తపరీక్షలు, జుట్టు ఎప్పుడు రాలుతుంది, ఆఫీసుకి ఎన్నాళ్లు సెలవు పెట్టాలి, అన్నీ మాట్లాడారు. పిల్లల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాకప్పుడు 31 ఏళ్లు. పెళ్లి కాలేదు. పెళ్లి కాని అమ్మాయిని అదేం అడుగుతాం అనుకున్నారేమో. నేనూ అడగలేదు. ప్రాణం మీదికొస్తే ఇదొక ఆశా అనుకుంటారని బెరుకు.

చివరికి అడిగింది ఒక నర్సు. నా బరువు రాసుకుంటూ, "ఎగ్ ఫ్రీజింగ్ గురించి, అంటే అండాలు తీసి గడ్డకట్టించి దాచుకోవడం గురించి, మీతో మాట్లాడారా?" అంది. లేదన్నాను. పెన్ను పక్కన పెట్టేసింది. "మందు ఎక్కాక అడిగి లాభం లేదు. ఇవాళే అడగండి" అంది. చికిత్సకు ముందే ఈ మాట డాక్టర్లే ఎత్తాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని తర్వాత చదివి ఒళ్లు మండింది.

మర్నాడే కౌన్సెలర్ దగ్గర కూర్చున్నాం, నేనూ అమ్మా. ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాలన్నీ అండాశయంలో ఉంటాయట, మళ్లీ కొత్తవి తయారు కావట. నాకు ఇవ్వబోయే మందుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఉంది. అది ఆ నిల్వను దెబ్బతీస్తుంది. ఎంత అన్నది వయసు మీద, మోతాదు మీద ఆధారపడుతుంది. అదంతా చెప్పి, "మీకు పిల్లలు కావాలని ఉందా?" అని అడిగింది.

"ముందు దీని ప్రాణం దక్కితే చాలండీ" అంది అమ్మ.

"నిజమేనమ్మా. కానీ ఈ ప్రశ్న తననే అడుగుతున్నాను" అని కౌన్సెలర్ నావైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. తెలియదన్నాను. "సరే, తెలియదనే రాసుకుందాం" అని నిజంగానే అలా రాసుకుంది. అన్నాళ్లలో నా జవాబు కోసం ఎవరైనా ఆగింది అక్కడే.

నాది హార్మోన్‌తో పెరిగే రకం రొమ్ము క్యాన్సర్. అండాల కోసం హార్మోన్ ఇంజెక్షన్లు చేయించుకుంటే నిప్పుకి గాలి ఊదినట్టు కాదా అని నా భయం. ఈస్ట్రోజెన్ అనే ఆ హార్మోన్ మరీ పెరగకుండా ఇంజెక్షన్లతో పాటు లెట్రోజోల్ మాత్రలు ఇస్తారని కౌన్సెలర్ చెప్పింది. పీరియడ్స్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు, రెండు వారాల్లో అయిపోతుంది. అంత వ్యవధి కూడా లేనివాళ్లకి, ఇంకా పెద్దమనిషి కాని పిల్లలకి అండాశయం ముక్కనే తీసి దాస్తారట. అలా దాచిన ముక్కని తిరిగి అమర్చాక తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది.

అన్నిటికంటే నన్ను ఆపేసింది సమ్మతి ఫారం. అందులో ఒక ప్రశ్న: 'మీరు మరణిస్తే అండాలను ఏం చేయాలి?' పారేయాలా, పరిశోధనకివ్వాలా? పిల్లల కోసమని వచ్చి నా చావు గురించి టిక్కు పెట్టాలి! కౌన్సెలర్ తొందరపెట్టలేదు. "ఇంటికి తీసుకెళ్లండి, రేపు తెచ్చివ్వండి" అంది. ఆ రాత్రి అమ్మ పడుకున్నాక వంటగదిలో కూర్చుని పరిశోధనకి టిక్కు పెట్టాను. విచిత్రంగా, ఆ తర్వాత కాస్త నిద్ర పట్టింది.

11 రోజులు పొట్టలో ఇంజెక్షన్లు, రోజు విడిచి రోజు స్కాన్. మత్తిచ్చి అండాలు తీశారు. 13 వచ్చాయి, అందులో పక్వమైనవి 10. పది అండాలంటే పదిమంది పిల్లలు కాదని, కరిగించేటప్పుడు కొన్ని, ఫలదీకరణలో కొన్ని, పిండం ఎదిగేటప్పుడు ఇంకొన్ని పోతాయని కౌన్సెలర్ ముందే చెప్పింది కాబట్టి ఎగిరి గంతేయలేదు. ఇప్పుడవి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉన్నాయి.

కీమో గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అందరిదీ లాంటిదే నాదీ. అండాశయాల్ని నిద్రపుచ్చడానికి 28 రోజులకోసారి గోసెరెలిన్ ఇచ్చారు. దాంతో ఒళ్లంతా వేడి ఆవిర్లు. అమ్మకి మెనోపాజ్, నాకు ఇంజెక్షన్. అర్ధరాత్రి ఇద్దరం లేచి ఫ్యాన్ కింద కూర్చుని నవ్వుకునేవాళ్లం. చికిత్స అయిన ఎనిమిది నెలలకి పీరియడ్స్ వచ్చాయి. నేను సంబరపడబోతుంటే, అవి వచ్చినంత మాత్రాన అండాల నిల్వ బాగున్నట్టు కాదని, అలాగే రానంత మాత్రాన గర్భం రాదనీ కాదని డాక్టరు చెప్పారు.

ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్ వేసుకుంటూ రెండో ఏడు. ఆ మాత్రలు వాడుతూ గర్భం దాల్చకూడదు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు వాడాక, డాక్టర్ల పర్యవేక్షణలో రెండేళ్ల వరకు ఆపి పిల్లల్ని కనడానికి ప్రయత్నించినవాళ్లలో, తొలి కొన్నేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. ఇంకా ఎక్కువ కాలం ఎలా ఉంటుందో వాళ్లని గమనిస్తూనే ఉన్నారు. ఆ సంగతి డాక్టరు దగ్గర ఎత్తాను. ఈసారి నేనే ఎత్తాను.

అండాలు ఉంచాలా వద్దా అని ఏడాదికోసారి కాగితం వస్తుంది. ఈ ఏటిది నిన్న వచ్చింది. అమ్మ కవరు విప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.