బెరడు ఒలిచే కాలంలో కురూష్

సీసా బిరడాలకు వాడే కార్కు ఓక్ చెట్టు బెరడు ఒలవడం కళ్ళారా చూడాలంటే పోర్చుగల్‌కు జూన్, జులై నెలల్లో వెళ్ళాలి. జులై మొదట్లో నేను లిస్బన్ నుంచి తేజు నది దాటి ఈశాన్యంగా కురూష్ పట్టణం వైపు వెళ్ళాను. సొర్రాయా లోయలోని వరిపొలాలు దాటగానే ఇసుక నేలలు మొదలవుతాయి. వాటి మీద దూరదూరంగా ఓక్ చెట్లు, వాటి మధ్య పచ్చిక, అందులో మేసే గొర్రెలూ ఆవులూ. ఇలాంటి భూమిని అక్కడ మొంతాదు అంటారు. అది అడవీ కాదు, తోటా కాదు. పట్టించుకునేవాళ్ళు లేకపోతే కొన్నేళ్ళకే తుప్పలు కమ్మేస్తాయి.

కార్కు ఓక్ శాస్త్రీయ నామం క్వెర్కస్ సూబర్. మొంతాదులో దాని పక్కనే హోమ్ ఓక్ కూడా కనిపిస్తుంది. రెండూ సతత హరితాలే కాబట్టి ఆకును నమ్ముకుంటే పొరబడతాం, బెరడు చూడాలి. హోమ్ ఓక్ బెరడు సన్నగా, చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. కార్కు ఓక్‌ది దళసరి, నెర్రెలు లోతు. ఆకు 4 నుంచి 7 సెంటీమీటర్ల పొడవు, అంచున పళ్ళు, పైన ముదురు పచ్చ, అడుగున తెల్లటి నూగు. వేసవిలో నీరు ఆవిరి కాకుండా కాపాడేది ఆ నూగే. వసంతంలో కొత్త చిగురు వేసేటప్పుడు పాత ఆకు చాలావరకు రాలిపోతుంది. ఆ రోజుల్లో చెట్టు పలచబడి జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది కానీ అది జబ్బు కాదు.

కొయ్య చుట్టూ ఆహారం మోసే లోపలి బెరడు, దాని మీద ఫెల్లోజెన్ అనే పలుచని సజీవ పొర, ఆ పైన బెండు, అంటే కార్కు. ఫెల్లోజెన్ బయటివైపు పుట్టించే కణాల గోడల్లో సూబరిన్ అనే మైనం లాంటి పదార్థం చేరి నీటినీ గాలినీ అడ్డగిస్తుంది. కణం చనిపోయాక లోపల మిగిలేది గాలే. ఘన సెంటీమీటరుకు సుమారు 4 కోట్ల కణాలు ఉంటాయి. 1665లో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసినవి ఇవే. ఎండాకాలంలో ఫెల్లోజెన్ చురుగ్గా విభజన చెందుతుంది. అప్పుడు కొత్త కణాల గోడలు పలుచగా, నీటితో నిండి ఉంటాయి కాబట్టి ఆ వరసలో బెండు సులువుగా ఊడుతుంది. మిగతా కాలాల్లో లాగితే లోపలి బెరడు కూడా ఊడి వస్తుంది.

పని తెల్లవారుజామునే మొదలైంది. చెట్టుకు ఇద్దరు, చెరో పక్కన. యంత్రం ఏదీ లేదు, ఉన్నదల్లా వంపు తిరిగిన అంచున్న గొడ్డలి. దాని పిడి చివర చీలలాగా చెక్కి ఉంటుంది. అన్నిటికన్నా లోతైన నెర్రెను చూసుకుని నిలువునా గొడ్డలి దించి, అంచును కాస్త మెలితిప్పుతారు. బోలుగా చప్పుడైతే బెండు విడుతున్నట్టు, పొడిగా గట్టిగా మోగితే అంటుకుని ఉన్నట్టు. తర్వాత అడ్డంగా గాటు పెట్టి పలక కొలత తేలుస్తారు. పిడి చివరను సందులోకి దూర్చి మెల్లగా ఎత్తితే మనిషెత్తు పలక ఒక్కటిగా వచ్చేస్తుంది. చిన్న ముక్కలకు ధర తక్కువ కాబట్టి పలక విరగకూడదు. చివరికి చెట్టు మొదలు దగ్గర మిగిలిన ముక్కలు తీసి, ఆ సంవత్సరం చివరి అంకెను తెల్ల రంగుతో కాండం మీద రాస్తారు. 6 అని ఉంటే 2016లోనో, 2006లోనో ఒలిచారన్నమాట.

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది గొడ్డలి ఎక్కడ ఆగుతోందన్నదే. బెండుతోపాటు పాత ఫెల్లోజెన్ పోయినా ఫర్వాలేదు. లోపలి బెరడు చెక్కుచెదరకపోతే దాని పైపొర ఎండి, కొన్ని వారాల్లో అడుగున కొత్త ఫెల్లోజెన్ ఏర్పడుతుంది. గొడ్డలి కొయ్యను తాకితే మాత్రం అక్కడ బెండు మళ్ళీ రాదు. ఆ మచ్చ గుండా బూజులు, పురుగులు చొరబడతాయి, తర్వాతి పలకలన్నీ అక్కడే విరుగుతాయి. వేడి పొడిగాలి వీచినా, వాన పడినా బెండు విడవదు. అప్పుడు మొండిగా లాగకుండా పని ఆపేసేవాడే మంచి పనివాడు.

చట్టం కూడా కచ్చితంగానే ఉంది. నేల నుంచి 1.30 మీటర్ల ఎత్తున కాండం చుట్టుకొలత 70 సెంటీమీటర్లకు చేరేదాకా ఒలవకూడదు. అందుకు సుమారు 25 ఏళ్ళు పడుతుంది. ఆ పైన ఒలుపుకీ ఒలుపుకీ మధ్య కనీసం 9 ఏళ్ళు ఉండాలి. ఒలిచే ఎత్తు మొదటిసారి చుట్టుకొలతకు రెండు రెట్లు, రెండోసారి రెండున్నర, ఆపై మూడు రెట్లు మించకూడదు. మొదటి రెండు ఒలుపుల బెండు గరుకు, సీసాలకు పనికిరాదు. బిరడాలకు నునుపైన బెండు మూడో ఒలుపులో, అంటే సుమారు 43 ఏళ్ళకు వస్తుంది.

ఒలిచిన పలకలు కొన్ని నెలలు ఆరుబయట పేర్చి ఉంచుతారు. వాటిని నేరుగా మట్టి మీద పెట్టడం పెద్ద తప్పు. తడికి పెరిగే బూజులు ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు, వైన్‌కు ముక్కిపోయిన వాసన వచ్చేస్తుంది. తర్వాత సుమారు గంటసేపు మరిగే నీటిలో ఉడికిస్తే పలక ఉబ్బి, మెత్తబడి, చదునవుతుంది. బిరడాను పలక మందానికి అడ్డంగా తొలుస్తారు, వాయురంధ్రాలు బిరడా పొడవునా కాక అడ్డంగా పడాలి కాబట్టి. పొడవునా పడితే సీసా కారుతుంది. తొలవగా మిగిలింది చిన్న గింజలుగా పొడయి నేల పలకలు, గోడలకు వేడి ఆపే దిమ్మలు అవుతుంది. నల్లటి దిమ్మల్లో జిగురు అసలుండదు, ఆవిరి వేడికి బెండులోంచి వచ్చే పదార్థమే గింజల్ని అతికిస్తుంది.

కురూష్ నుంచి దక్షిణ దిక్కుగా ఆగ్వాస్ ద మౌరా ఊళ్ళో 1783లో నాటిన కార్కు ఓక్ ఉంది. కొమ్మల్లో చేరే పక్షుల కూతలవల్ల దాన్ని 'ఈల వేసే చెట్టు' అంటారు. 1820 నుంచి ఇరవై సార్లకు పైగా ఒలిచారు. 1991లో ఈ ఒక్క చెట్టే 1200 కిలోల బెండు ఇచ్చింది. 2018లో యూరప్ మేటి వృక్షంగా ఎంపికైంది. ఇటువైపు వచ్చినవాళ్ళు దీన్ని చూడకుండా వెళ్ళకూడదు.

దారి పొడవునా కొమ్మలెండిన చెట్లు కూడా చాలానే కనిపించాయి. వేర్లను కుళ్ళబెట్టే ఫైటోఫ్తోరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి, వరస కరువులు, చెట్టు మొదట్లో నాగలి లోతుగా దింపి వేర్లు తెంపడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం కొన్ని మొంతాదుల్లో లేత మొక్క ఒక్కటీ లేకపోవడం. కాయలు శరత్కాలంలో రాలతాయి. పందుల్ని వాటి మీదే మేపుతారు, మొలిచినవాటిని గొర్రెలు కొరికేస్తాయి. కాయ ఎండితే మొలవదు కాబట్టి రాలిన వెంటనే ఏరాలి. నీటిలో వేసి, తేలినవి పారేసి, మునిగినవాటిని నాలుగైదు సెంటీమీటర్ల లోతున అడ్డంగా పెట్టాలి. తల్లివేరు ముందుగా లోతుకు దిగుతుంది, సంచిలో ఎక్కువకాలం ఉంచితే చుట్టుకుపోతుంది. నేరుగా నేలలో విత్తి, మొక్క తల పశువుల నోటికి అందని ఎత్తుకు ఎదిగేదాకా చుట్టూ కంచె ఉంచాలి.