గంజాయి తాగే కుర్రాడిని కాలేజీ నుంచి పంపేస్తే

కోస్తా జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాను. గంజాయి తాగుతూ పట్టుబడిన విద్యార్థి చేతిలో టీసీ పెట్టి పంపేస్తే మిగతావాళ్లు బాగుపడతారని క్రమశిక్షణ కమిటీలో కూర్చునే నా సహోద్యోగులు నిజాయతీగానే నమ్ముతారు. ఆ నమ్మకం పొరపాటని, పంపేసిన కుర్రాడికే కాక వెనక మిగిలిన పిల్లలకూ దానివల్ల చెరుపే జరుగుతోందని నా అభిప్రాయం.

సరుకు మనకు ఎంత దగ్గరలో ఉందో ముందు గుర్తుచేయాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల నుంచి ఒడిశాలోని మల్కాన్‌గిరి, కోరాపుట్ వరకు ఉన్న కొండల్లో శీలావతి రకం గంజాయి ఏళ్ల తరబడి సాగైంది. 2021 చివర్లో మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు వేల ఎకరాల తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. ఇంత జరిగినా సరిహద్దు అవతలి నుంచి రవాణా ఆగలేదు. మైదానానికి దిగే దారిలో ఉన్న ఊళ్లు మనవే కనుక, కాలేజీ గోడ ఎంత ఎత్తు కట్టినా ఒక కుర్రాడిని పంపేసినంత మాత్రాన పొట్లం రావడం ఆగదు.

ఒక హాస్టల్ తనిఖీలో నేను చూసిన గది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మంచం మీద పరిచిన దినపత్రిక, దానిమీద ఒక పక్కకు ఏరిపెట్టిన గింజలు, పుల్లలు, పొగాకు తీసేసిన సిగరెట్ గొట్టాలు, పల్చటి చుట్టుకాగితాల ప్యాకెట్, కిటికీలో సగం కాలిన అగరుబత్తి, కళ్ల ఎరుపు పోవడానికి వేసుకునే చుక్కల మందు సీసా కనిపించాయి. పత్రిక కిందే ఫిజిక్స్ ల్యాబ్ రికార్డు ఉంది. మొదటి నాలుగు ప్రయోగాలు పటాలతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండగా, ఐదోదానికి శీర్షిక మాత్రమే ఉంది.

ఆ గదిలోని నలుగురూ కొనడానికి వెళ్లేవారు కాదు. డబ్బులు పోగుచేసి ఒకడి చేతికి ఇచ్చేవారు, తెచ్చిపెట్టినందుకు వాడి వాటా వాడికి ఉచితం. పక్క గదివాళ్లు కూడా అడగడం మొదలుపెట్టాక, వాడికి తెలియకుండానే ఆ అంతస్తుకంతా సరఫరాదారు అయ్యాడు. మాదకద్రవ్యాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో గంజాయి కొన్నా, దగ్గర పెట్టుకున్నా, మోసినా, అమ్మినా అన్నీ ఒకే సెక్షన్ కిందికి వస్తాయి, శిక్షను తేల్చేది బరువు. కిలో వరకు చిన్న పరిమాణం కనుక ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కిలో దాటితే పదేళ్ల వరకు, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. స్నేహితుల కోసమే తెచ్చానన్న మాట అక్కడ ఎందుకూ కొరగాదు.

ఇదే చట్టంలో తల్లిదండ్రులకూ, చాలామంది అధ్యాపకులకూ తెలియని మరో సెక్షన్ ఉంది. వ్యసనపరుడు సేవించిన నేరంలోనో, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరంలోనో చిక్కుకున్నప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రిలో గాని ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గాని తనంత తానుగా చికిత్సకు సిద్ధపడి, దాన్ని పూర్తిచేస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. దేశంలోని అతి కఠినమైన చట్టాల్లో ఒకటే చికిత్సకు తలుపు తెరిచి ఉంచినప్పుడు, చదువు చెప్పే మనం మూసివేయడం నాకు మింగుడుపడదు.

పిల్లలు నన్ను తరచూ అడిగేది వేరు. "అమెరికాలో లీగల్ కదా సార్, అంత ప్రమాదమైతే వాళ్లెందుకు ఒప్పుకుంటారు?" అంటారు. అక్కడ కొన్ని రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారం సరదాకు తాగడం ఇప్పటికీ నేరమేనని, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాడికి ఆ ఒక్క విషయమే ఇమిగ్రేషన్ చిక్కులు తేగలదని చెబుతాను. ప్రమాదం విషయంలో మాత్రం అతిశయోక్తులు చెప్పను, ఎందుకంటే ఒక్క అబద్ధం పట్టుకున్నారంటే ఆ తర్వాత మన మాట వినరు. తాగిన ప్రతివాడూ బానిస కాడు. సుమారుగా పదిమందిలో ఒకరు, టీనేజీలోనే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు అవుతారని వైద్యుల అంచనా. స్వీడన్‌లో సైనిక శిక్షణకు వచ్చిన 45 వేలకు పైగా యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, చేరేనాటికే 50 సార్లకు మించి గంజాయి వాడినవారికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ముప్పు అసలు వాడనివారికంటే ఆరు రెట్లు కనిపించింది. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉన్న కుర్రాడు దీన్ని మరీ జాగ్రత్తగా వినాలి.

మానేయడం గురించి ఇళ్లలో తెలిసింది ఇంకా తక్కువ. రోజూ తాగేవాడు ఆపిన రెండు మూడు రోజుల్లోపే చిరాకు, నిద్రపట్టకపోవడం, అన్నం సయించకపోవడం, భయపెట్టే కలలు మొదలై, మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా రెండు వారాలకు తగ్గుముఖం పడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే టీసీ పట్టుకుని ఇంటికి చేరిన కొడుకు కంచం తోసేస్తే తండ్రి దాన్ని పొగరనుకుంటాడు. ఒక రైతు మా స్టాఫ్‌రూమ్‌లో నిలబడి, "కొట్టాను సార్, వాడు తిరిగి ఒక్క మాట అనలేదు, పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో లేడు" అన్నాడు. వాడు వెళ్లింది పాత స్నేహితుల గదికే. చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, తెలిసిన పని తెచ్చిపెట్టడమే.

అందుకే మా కమిటీ ముందు నేను పెడుతున్న ప్రతిపాదన ఇది. సేవిస్తూ మొదటిసారి పట్టుబడిన విద్యార్థికి టీసీ బదులు ఒక సెమిస్టరు సెలవు ఇవ్వాలి. మానసిక వైద్యుడి చికిత్సలో ఉన్నట్టు ధ్రువపత్రం తెస్తే సీటు అలాగే ఉంచాలి, తర్వాత ఎప్పుడో ఇచ్చే టీసీలోని ప్రవర్తన గడిలో ఆ ప్రస్తావన ఉండకూడదు. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఇలాంటివారిని చూస్తాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియని తల్లిదండ్రులకు వ్యసన విముక్తి సహాయ నంబరు 14446ను ఫీజు రసీదు వెనకే ముద్రించి ఇవ్వవచ్చు. అమ్మకమే వృత్తిగా పెట్టుకున్నవాడి సంగతి వేరు, అది పోలీసులు తేల్చాలి. మీ కాలేజీలో ఇలాంటి పద్ధతి ఇప్పటికే ఉంటే, సెలవు మీద వెళ్లిన విద్యార్థి తిరిగి వచ్చాక హాస్టల్ గది ఎవరితో కలిపి కేటాయిస్తున్నారో నాకు రాయండి, మా దగ్గర చర్చ అక్కడే ఆగిపోయింది.